నంబరు లేని చట్రం

ఆ రివాల్వర్ చట్రం మీద ఏ గుర్తూ లేదు. ఎస్టిబాలిస్ దాన్ని కిటికీ వెలుగులో మూడుసార్లు తిప్పి చూసింది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని నాలుగోసారి చూసింది. ఒలాబె కార్ఖానా రివాల్వర్‌కి పనివాళ్ల నంబరు ఉండాల్సిన చోట్లు మూడు: పిడి చెక్కల కింద, పక్క మూత లోపల, గొట్టం బిగించే మర పక్కన. మూడు చోట్లా ఇనుము నున్నగా, తనకేమీ తెలియదన్నట్టు ఉంది.

కార్ఖానా పాత భవనం పై అంతస్తు పడగొడుతుంటే గోడ అలమరాలో ఒక పెట్టె బయటపడింది. అందులో నూనెగుడ్డలు చుట్టిన పదకొండు చట్రాలు. పదింటి మీద నంబర్లున్నాయి. పదకొండోది ఇది.

చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకాయన మెలితోన్ గారు, బిల్బావో నుంచి పిలిపించిన తుపాకుల చరిత్రకారుడు. తెల్లటి చేతితొడుగులు లేకుండా ఇనుము ముట్టుకోడు. ఆయన లెక్క చాలా తేలికగా ఉంది. ఈ కార్ఖానాలో పనివాడన్నవాడికల్లా ఒక నంబరుండేది. ఆ నంబరు కొట్టకుండా ముక్క గది దాటేది కాదు. నంబరు కొట్టాల్సిన అవసరం లేని మనిషి ఇక్కడ ఒక్కడే ఉండేవాడు. అలా అని ఆయన గోడ మీది పటంకేసి చూశాడు. అందరూ అటే చూశారు. కార్ఖానా పెట్టిన సెరాపియో ఒలాబె మెలితిప్పిన మీసాలతో, ఆకురాయిని చుట్ట పట్టుకున్నట్టు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పటంలోంచి అందరినీ చల్లగా చూస్తున్నాడు.

"అంటే ఇది తాతయ్య సొంత చేతిపని," అన్నాడు ఇప్పటి యజమాని, సెరాపియో మనవడు ఇనాసియో. నటన కాదు, నిజంగానే నమ్మాడు.

కార్ఖానాకి వందేళ్లు నిండే పండుగ వచ్చే ఆదివారమే. ఈ చట్రానికి పాత గోదాములోని భాగాలు అమర్చి, పూర్తి రివాల్వర్ చేసి, పురపాలక భవనంలో గాజుపెట్టెలో పెట్టాలని ఇనాసియో కోరిక. పై పట్టీ మీద ‘సెరాపియో ఒలాబె చేతిపని’ అని బంగారు తీగతో పొదిగించాలి. అమరిక ఎస్టిబాలిస్‌ది. ఆకురాయితో, కంటితో భాగాలు కలిపేవాళ్లు ఐబార్ ఊళ్లో ఇంకా ముగ్గురే మిగిలారు. మిగతా ఇద్దరికీ చేతులు వణుకుతాయి.

"ఒక్క మాట, ఎస్టీ," అన్నాడు ఇనాసియో వెళ్లబోతూ. "దీని మీద నీ నంబరు కొట్టకు. తాతయ్య ఎలా వదిలాడో అలాగే ఉండనీ."

ఎస్టిబాలిస్ నంబరు రెండువందల పధ్నాలుగు. ఆ కార్ఖానాలో ఆడమనిషికి ఇచ్చిన మొదటి నంబరు అదే. అమర్చినవాళ్లు నంబరు కొట్టాలన్నది ఆ తాతయ్య పెట్టిన రూలే కదా అని నోటిదాకా వచ్చింది. "మీరెలా అంటే అలాగే," అంది. తన తండ్రి కుర్చీలో ఇనాసియో కూర్చున్న రోజు నుంచి అతన్ని మీరు అంటోంది. అంతకు ముందు ఇదే బెంచీ కింద పాకుతూ ఇనుప రజను నోట్లో పోసుకుంటే వేలు పెట్టి కక్కించింది కూడా ఆవిడే.

*

ముందు తేలాల్సింది అది ఏ రకం చట్రమన్నది. గోదాములో మూడు సైజుల సిలిండర్లున్నాయి. మెలితోన్ గారు తొలినాళ్ల పెద్ద రకమని కాగితం మీద రాసి వెళ్లాడు. మంగళవారం పొద్దున ఎస్టిబాలిస్ గొట్టం మరలో వేలు పెట్టి తిప్పింది. మర ఎడమకి తిరిగింది. ఎడమ మర ఒలాబె వాళ్లు మొదలుపెట్టిందే పంతొమ్మిదివందల ఇరవయ్యొకటిలో. సుత్తి మేకు రంధ్రానికీ మీట రంధ్రానికీ మధ్య దూరం కొలిస్తే మధ్య సైజు తేలింది. మెలితోన్ గారి కాగితం వెనక్కి తిప్పి దాని మీద మరలు పెట్టుకుంది.

మధ్య సైజు సిలిండర్‌కి దీపం మసి పట్టించి చట్రంలోకి నెట్టింది. తీసి చూసింది. మసి ఎక్కడ చెదిరిందో అక్కడ ఆకురాయితో ఒక్క రుద్దు. మళ్లీ మసి, మళ్లీ రుద్దు. రుద్దేది ఎప్పుడూ సిలిండర్‌నే. చట్రాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన పని కూడా పడలేదు. ఇంత చక్కని చట్రం తన చేతికి వచ్చి ఎన్నాళ్లయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

పక్క బెంచీలో నగిషీ చెక్కే ప్లాసిదో ఈల వేసుకుంటూ బంగారు తీగ సాగదీస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, నలభై అయిదేళ్లుగా ఒకే కిటికీ వెలుగు పంచుకుని పోట్లాడుకుంటున్నవాళ్లు.

"ఏమే, పెద్దాయన చెయ్యి ఎలా ఉంది?" అన్నాడు. "ముద్దుపెట్టుకోవాలనిపిస్తోందా?"

"పెద్దాయన చేసుంటే అప్పుడు చూద్దాంలే," అంది.

పక్క మూత విప్పింది. మెరుగు పెట్టేవాళ్ల గుడ్డ అందని చోటు అది. అక్కడ ఆకురాయి గీతలు ఎలా పడ్డాయో అలాగే ఉంటాయి. ఎస్టిబాలిస్ తన ఆకురాయిని వాటి మీద ఉత్తినే ఆనించి చూసుకుంది. గీతలు అటు వాలాల్సింది ఇటు వాలాయి. ఎడమచేతి వాటం. ఆవిడ కన్ను దానంతటదే చట్రంలో సిలిండర్ కూర్చునే ఖాళీ కింది వెనక మూలకి పోయింది. మిగతా మూడు మూలలూ ఉలితో కోసినట్టున్నాయి. ఆ ఒక్కటి మాత్రం బియ్యపుగింజ మందాన గుండ్రం తిరిగింది.

ఆవిడ లేచి పెట్టె దగ్గరికి పోయి మిగతా పది చట్రాలూ ఒక్కొక్కటే తీసింది. ఆరింటికి గీతలు ఎడమకి వాలాయి. ఆ ఆరింటికీ అదే మూల గుండ్రం. ఆరింటి మీదా ఒకటే నంబరు కొట్టి ఉంది, ముప్పై ఒకటి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తూ చట్రాన్ని పనిలో ముందు కట్టుకునే కొంగుబట్టలో చుట్టుకుని సంచిలో వేసుకుంది. నలభై అయిదేళ్లలో కార్ఖానా వస్తువు గడప దాటించడం అదే మొదలు. నూట పన్నెండు మెట్లు ఎక్కి, చేతులు కూడా కడుక్కోకుండా వంటింటి బల్ల దగ్గరికి పోయింది. మొక్కజొన్న రొట్టెల పిండి అంటుకుపోతే బల్ల గీకే ఇనుప రేకు ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఎండిన పిండి దాని అంచున ఇంకా తెల్లగా ఉంది. చట్రం ఖాళీలో పెట్టి సరిచూసుకోవడానికి, విరిగిన కొడవలి ముక్క నుంచి ఎడమచేతివాటం అమ్మ గాబినా స్వయంగా కోసుకున్న కొలత రేకు అది. ఒకసారి రాతి గచ్చు మీద పడి మూల విరిగింది. ఇంకో కొడవలి ముక్క దొరక్క ఆ మూలని అలాగే గుండ్రంగా అరగదీసుకుంది. చిన్న ఎస్టిబాలిస్ పని ఏమిటంటే, అమ్మ రుద్దడం ఆపినప్పుడల్లా చట్రాన్ని వంటింటి కిటికీకి ఎత్తి పట్టుకుని, రేకు పెట్టి, వెలుతురు దూరుతోందో లేదో చెప్పడం.

రేకు కడిగి, తుడిచి, చట్రంలో పెట్టింది. అదే కిటికీకి ఎత్తి పట్టుకుంది. నాలుగు పక్కలా వెంట్రుకంత వెలుతురు కూడా దూరలేదు.

ఎస్టిబాలిస్‌కి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు రుద్దిన చట్రాలు బుట్టల్లో కార్ఖానాకి పోయేవి. గదిలో ఉన్న మగవాడు తన నంబరు వాటి మీద కొట్టుకుని తన పనిగా అప్పజెప్పేవాడు. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కారు. ఈ ఒక్క చట్రం ఎందుకో ఆ నంబరు పడకముందే గోడలో దాక్కుంది. అరవై ఏళ్ల తరవాత బయటికొస్తే, దీన్ని కూడా ఒకడు ఎగరేసుకుపోవడానికి పటంలో సిద్ధంగా కూర్చున్నాడు.

*

బుధవారం ఆవిడ రేకూ చట్రమూ పట్టుకుని ఇనాసియో గదికి పోయింది. ముందు మర్యాదగానే చెప్పింది. మర ఇరవయ్యొకటి తరవాతిదని, అప్పటికి పెద్దాయన అరవైకి దగ్గరపడి ఓడలెక్కి ఊళ్లు తిరిగి తుపాకులు అమ్ముతున్నాడని, గీతలు ఎడమచేతివని, ఆ చెయ్యి తన అమ్మదని. ఇనాసియో ఓపికగానే విన్నాడు. చెడ్డవాడేం కాదు. తాతని ప్రేమించినవాడు, అంతే. ఊరికొచ్చినప్పుడు తాతయ్య సరదాకి బెంచీ దగ్గర కూర్చునేవాడట అన్నాడు. ఎడమచేత్తోనా అని అడిగింది ఎస్టిబాలిస్.

గదిలో గాజు అలమరా ఉంది. అందులో ముఖమల్ గుడ్డ మీద సెరాపియో గారి సొంత కొలత రేకు ఉంది. ఎస్టిబాలిస్ తాళం తీయమంది. అతను తీశాడు. ఆవిడ ఆ రేకుని చట్రంలో పెట్టి కిటికీకి పట్టి, అతన్నే చూడమంది. పై అంచున వెలుతురు గీత గీసినట్టు దూరింది. కింది వెనక మూల రేకు అసలు కూర్చోనే లేదు. తరవాత తన రేకు పెట్టింది. చీకటి.

ఇనాసియో చాలాసేపు చూశాడు. వెళ్లి మెలితోన్ గారికి ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఆయన ఎక్కువసేపే మాట్లాడాడు. ఇళ్లలో ఆడవాళ్లు చేసింది మోటు రుద్దుడే, తుది పనంతా గదిలోనే జరిగేదన్నాడట. ఆ రేకు కూడా పెద్దాయనే వాళ్లకిచ్చి ఉంటాడన్నాడట. అన్నిటికంటే ముఖ్యం, పనివాళ్ల జాబితా ఆయన మొత్తం చదివాడు, అందులో గాబినా అన్న పేరు ఎక్కడా లేదు.

"లేదు," అంది ఎస్టిబాలిస్. "పేరు లేదు కాబట్టే నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి మీ తాతదంటున్నారు. ఇదెక్కడి న్యాయమో నాకర్థం కావట్లేదు."

"ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి, ఎస్టీ. ఆదివారం ఊరంతా వస్తోంది. మీ అమ్మ గొప్ప పనిమంతురాలే, నేను కాదనను. కానీ ఆవిడదని ఏ కాగితం మీదైనా ఉందా చెప్పు. ఒక్క కాగితం చూపించు."

ఆవిడ తన రేకు తీసి కొంగుబట్టలో చుట్టుకుంది. తలుపు దగ్గర ఆగింది. "కాగితమే కావాలన్నమాట," అంది.

*

గురువారం అమరిక పూర్తయింది. సిలిండర్ తిప్పితే గడియారంలా ఆరుసార్లు టిక్కుమని ఆగుతోంది. గొట్టం బిగిసింది. మిగిలింది ప్రభుత్వ తుపాకుల పరీక్షశాల. నగిషీకి ముందే, తెల్లటి ఇనుముగా ఉండగానే రివాల్వర్‌ని పరీక్షకి తీసుకెళ్లడం ఐబార్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పేలిపోయేదైతే బంగారం వేస్టు కాకూడదు కదా. తీసుకెళ్లేది అమర్చినవాళ్లే.

ఎస్టిబాలిస్ పిడి చెక్కలు బిగించకుండా ఆపింది. ఆరు చట్రాల్లో ఒకటి తీసుకొచ్చి ప్లాసిదో ముందు పెట్టింది. "ఈ నంబరు ఎవరిదయ్యా?" అంది.

ప్లాసిదో ఈల ఆగిపోయింది. ముప్పై ఒకటి వాళ్ల నాన్న నంబరు. ఐబార్‌లో అంతటి చెయ్యి లేదని చెప్పుకునేవాళ్లు. చావుకి ఊరి బ్యాండు వచ్చింది. ఎస్టిబాలిస్ చట్రంలో పిండి గీకే రేకు పెట్టి కిటికీకి ఎత్తింది. పక్క మూత విప్పి గీతలు చూపించింది. ప్లాసిదో నగిషీ చెక్కేవాడు, గీత ఏ చేతిదో ఒకరు చెప్పక్కర్లేదు.

"మా నాన్న కుడిచేతివాడు," అన్నాడు చివరికి.

"నాకు తెలుసు."

"సాయంత్రాలు గదిలో మందు తాగుతూ కూర్చునేవాడు. మధ్యాహ్నాలు కూడా. ఇంత పని ఎప్పుడు చేస్తాడా అని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది," అన్నాడు ప్లాసిదో. ముఖం ఎర్రబడింది. కాసేపు తీగ చుట్టాడు, విప్పాడు. తరవాత తన అక్షరాల పెట్టె, ఎవరినీ ముట్టుకోనివ్వని ఉక్కు అచ్చుల పెట్టె, మూత తీసి ఆవిడ వైపు జరిపాడు. "నేను గ్లాసు వైనుకి పోతున్నా. పెట్టె మర్చిపోయాను. ముసలాణ్ని, మర్చిపోతాను."

పొద్దున పదకొండు గంటలు. గదిలో ఇంకో నలుగురు పనిలో ఉన్నారు. ఎస్టిబాలిస్ దాచుకోలేదు. చట్రాన్ని సీసపు దిమ్మ మీద పడుకోబెట్టి, పిడి చెక్కల కింద వచ్చే చోట తన సుత్తితో ఒక్కొక్క అచ్చుకి ఒక్కొక్క దెబ్బ వేసింది. రెండో దెబ్బ వేస్తే అక్షరం చెదురుతుంది. అమ్మ పేరుకి వాళ్ల లిపిలో ఆరు అక్షరాలు, ఆరు దెబ్బలు. గదిలో ఆకురాళ్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆ పేరు పక్కన ఇంకో మూడు దెబ్బలు వేసింది. రెండు, ఒకటి, నాలుగు.

"ఏంటలా చూస్తారు," అంది చుట్టూ చూసి. "రూలు రూలే. చేసినవాళ్ల గుర్తు, అమర్చినవాళ్ల గుర్తు."

పరీక్షశాలలో ఉర్బీనా అనే అధికారి ఉంటాడు. పుట్టినప్పుడు కూడా నవ్వి ఉండడు. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించిన తూటాలు పెట్టి, గోడ అవతల నుంచి తాడు లాగి పేల్చాడు. సిలిండర్‌లో ఆరూ పేలాయి. చట్రం చెక్కుచెదరలేదు. తెచ్చి బల్ల మీద పెట్టి, పద్ధతి ప్రకారం పిడి చెక్కలు విప్పి, కనపడ్డ గుర్తులన్నీ పైకి చదువుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. గాబినా దగ్గర ఆగి తలెత్తాడు.

"ఇదెవరి గుర్తు?"

"చేసినవాళ్లది," అంది ఎస్టిబాలిస్.

"ఒలాబె వాళ్ల జాబితాలో ఈ గుర్తు నేను చూళ్లేదే."

"జాబితాలో లేదండి. ఇనుము మీద ఉంది."

ఉర్బీనా ఆవిడ ముఖంలోకి చూశాడు, మళ్లీ ఇనుముకేసి చూశాడు. "ఇనుము మీద ఉన్నది రాయడమే నా పని," అని గుమాస్తాకి సైగ చేశాడు. చట్రానికి ప్రభుత్వ నంబరు పడింది, పరీక్ష ముద్ర పడింది, కాగితం మీద సంతకం పడింది.

*

శుక్రవారం ఎస్టిబాలిస్ రివాల్వర్, కాగితం రెండూ ఒకేసారి ఇనాసియో బల్ల మీద పెట్టింది. అతను ముందు సిలిండర్ తిప్పి, ఆ చప్పుడు విని మురిసిపోయాడు. తరవాత కాగితం చదివాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని తనే పిడి చెక్కలు విప్పాడు.

"నంబరే కొట్టొద్దన్నాను నేను," అన్నాడు నెమ్మదిగా. సొరుగు లాగి ఒక సన్న ఆకురాయి తీశాడు. పది రుద్దులు రుద్దితే పోయేదే. పైన చెక్కలు వస్తాయి, ఎవరికీ కనపడదు.

"కాగితం అడుగున ఉన్నది కూడా చదువు," అంది ఎస్టిబాలిస్.

పదిహేనేళ్లలో ఆవిడ అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతను గమనించాడు. కాగితం అడుగున సన్న అక్షరాల్లో, పరీక్ష అయ్యాక ఆయుధం మీది ఏ గుర్తునైనా చెరిపినా మార్చినా నేరమని ఉంది. అది అతనికి తెలియనిది కాదు. చిన్నప్పుడు తాత నేర్పిన మొదటి పాఠం అదే. గాజుపెట్టెలో రివాల్వర్ పక్కన ఆ కాగితం పెట్టకుండా ఉండటానికీ వీల్లేదు. కాగితం లేని తుపాకీని ఈ ఊళ్లో ఎవరూ గడప కూడా దాటనివ్వరు.

"కాగితం చూపించమన్నావు," అంది ఆవిడ. "తెచ్చాను. పోలీసుల్ని పిలుచుకుంటావో, నన్ను పనిలోంచి తీసేస్తావో నీ ఇష్టం. మా అమ్మ వంటింట్లో కూర్చుని నీ తాత పేరు నిలబెట్టింది. ఆవిడ పేరు నిలబెట్టడానికి నీకు ఒక పట్టీ కూడా ఖాళీ లేదంటే నేను ఒప్పుకోను."

ఇనాసియో ఆకురాయి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. చట్రాన్ని తిప్పి, ఆ గుండ్రటి మూల మీద బొటనవేలు పెట్టి తడిమాడు. రివాల్వర్ తీసుకుని ప్లాసిదో బెంచీ దగ్గరికి నడిచాడు. ఎస్టిబాలిస్ వెనకాలే వెళ్లింది. గదిలో అందరూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు.

"పై పట్టీ మీద ఏం చెక్కొద్దు," అన్నాడు ఇనాసియో. "ఖాళీగా వదిలెయ్. ఎవరి పేరూ వద్దు."

ప్లాసిదో బంగారు తీగ కింద పెట్టాడు. "ఖాళీగా వదిలేస్తే మళ్లీ మీ తాతదే అంటారు బాబూ," అన్నాడు. "మొన్న అన్నది అదే కదా."

ఇనాసియో పటంకేసి చూశాడు. పటంలో పెద్దాయన ఆకురాయిని చుట్టలాగే పట్టుకుని ఉన్నాడు. పని చేసేవాళ్లెవరూ పట్టుకోని ఆ పట్టు ఇనాసియో అన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఇవాళ తన చేతిలో ఉన్న ఆకురాయికేసి చూసుకుని, మళ్లీ అటు చూశాడు. రివాల్వర్‌ని బెంచీ మీద ఉంచి, తన గదికేసి నడిచాడు.

"ఈసారి వద్దనలేదుగా," అన్నాడు ప్లాసిదో. ఉలి అంచు బొటనవేలి మీద చూసుకున్నాడు. "ఇంటిపేరు కూడా కావాలి. మీ నాన్నది వెయ్యనా?"

"పుట్టింటిదే వెయ్యి. గాబినా సులైకా. పెట్టెలో ఉన్న ఆరింటి సంగతి తరవాత చూద్దాం."

ప్లాసిదో తలూపాడు. ముప్పై ఒకటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆవిడ బెంచీ సర్దుకుంటుంటే ఇనాసియో తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి గొంతులో పెద్దరికం లేదు. ఆదివారం ఆ రేకు కూడా గాజుపెట్టెలో పెడితే బాగుంటుంది, ముఖమల్ గుడ్డ మీద, ఇచ్చి వెళ్తారా అని అడిగాడు. ఎస్టిబాలిస్ రేకుని కొంగుబట్టలో చుట్టి సంచిలో వేసుకుంది.

"ఆదివారం తెస్తాలే," అంది. "ఇవాళ రొట్టెలు చెయ్యాలి. బల్ల గీకడానికి నాకింకోటి లేదు."